అమాస నాడు ఆగిన నోడ్

ఉదయం తొమ్మిదిన్నరకు సిద్దిపేట బస్టాండ్ ఎదురు హోటల్లో ఏజెంట్ యోహాను రెండో చాయ్ తాగుతుండగా ఫోన్ మోగింది. హైదరాబాద్ నుంచి చీఫ్ అరుణ్‌కుమార్.

"మనం పట్టుకున్న ముఠా టెక్నీషియన్ చచ్చిపోయాడు. కస్టడీలోనే. పంటి కింద సైనైడ్."

"ఏమైనా చెప్పాడా సార్?"

"ఒక్క ముక్క. ఇవాళ పన్నెండింటికి లిస్టు బ్లాక్‌చైన్ మీదికి ఎక్కుతుంది. ఆరు పేర్లు. ముఠాలో మనం పెట్టిన ఆరుగురివీ."

యోహాను గ్లాసు కింద పెట్టాడు. ఆ ఆరుగురిలో సాయిసుధ ఒకతె. మూడేళ్ళుగా ఆ విదేశీ ముఠాకు నమ్మిన మనిషిగా తిరుగుతూ, మనకు వార్తలు మోస్తున్న డబుల్ ఏజెంట్. బ్యాంకాక్‌లో తూటా తిన్న యోహానును రెండు వీధులు భుజాన వేసుకుని మోసుకొచ్చిన మనిషి.

"లిస్టు తెరిచే డిజిటల్ తాళంచెవి టెక్నీషియన్ జేబులో దొరికింది, నీ ఫోన్‌కు పంపాను," అన్నాడు చీఫ్. "ఆ లిస్టు కొన్నవాళ్ళ దగ్గరా అదే ఉంది. లిస్టున్న నోడ్ మాత్రం మీ ఊళ్ళో ఎక్కడో నడుస్తోంది. వెతుకు."

వెతుకు! ఎంత తేలికగా అంటారో ఈ ఏసీ గదుల వాళ్ళు. నోడ్ అంటే నీలం లైటు వెలిగే, అరచేతిలో పట్టే సింగిల్ బోర్డ్ కంప్యూటర్. బ్లాక్‌చైన్ అనే క్రిప్టో లెక్కల పుస్తకం మొత్తం కాపీ పెట్టుకుని, రాత్రీ పగలూ తోటి నోడ్‌లతో మాట్లాడుతూ కూర్చుంటుంది. అది ఒకసారి చైన్ మీదికి ఎక్కించిన దాన్ని బ్రహ్మదేవుడు దిగివచ్చినా చెరపలేడు. అలాంటి పెట్టె ఏ అటక మీదైనా ఉండొచ్చు.

మూడు రోజులుగా యోహానుకు నిద్ర లేదు. వయసు నలభై తొమ్మిది. మోకాళ్ళకు ఇంకో పదేళ్ళు ఎక్కువ. విసుగ్గా లాప్‌టాప్ తెరిచాడు. సిద్దిపేటలో నాలుగు నోడ్‌లున్నాయి. అడ్రస్‌లు నెట్‌లో ఊరి పేరు వరకే చెబుతున్నాయి, ఇల్లు చెప్పడం లేదు. మూడు నోడ్‌లు కరెంటు పోతే తప్ప ఆగవు. నాలుగోది మాత్రం నెలకు ఒకరోజు పొద్దున్నే ఆగిపోయి, మర్నాటి పొద్దున మళ్ళీ లేస్తోంది. ఇవాళ కూడా ఆరింటికే ఆగింది.

ఆగిన తేదీలకు ఒక వరస లేదు. హెడ్డాఫీసు సాఫ్ట్‌వేర్ వాటిని 'సాంకేతిక లోపం' అని తేల్చి పారేసింది.

యోహాను తలెత్తాడు. గల్లాపెట్టె పక్కన గోడకు క్యాలెండర్. తేదీలు ఒక్కొక్కటే చూశాడు. ప్రతి దాని పక్కనా నల్ల చుక్క. అమావాస్య.

వాళ్ళ అమ్మమ్మది దుబ్బాక. చేనేత ఇళ్ళల్లో అమావాస్య నాడు మగ్గం ముట్టరని అతనికి ఇంకొకరు చెప్పాలా? సొంతవాడైతే ఆపడు; ఏమీ తెలియని మగ్గం ఇంట్లో దాచిన నోడ్ ఇదే. కోట్లు పోసి కొన్న సాఫ్ట్‌వేర్‌కు ఆ సంగతి తట్టలేదు. పాపం, దానికి అమ్మమ్మ లేదు.

ఖాకీ చొక్కా తొడిగి, మీటర్ రీడింగ్ మిషన్ పట్టుకుని మగ్గాల గల్లీలు పట్టాడు. నలభై మూడు ఇళ్ళు. ఇంటింటా అదే ప్రశ్న: నీలం లైటు డబ్బా ఏదైనా ఉందా? నలభై నాలుగో ఇంటి ముందు ఒకాయన చెయ్యి చూపించాడు. "కొమురవ్వ ఇంట్ల ఉన్నది. వానల లెక్క చూసే మిషన్ అని పెట్టిపోయిన్రు."

టైం పదకొండు యాభై నాలుగు.

ముందు గదిలో మగ్గం పసుపు కుంకుమలతో పడుకుని ఉంది. పక్క బల్ల మీద డబ్బా మాత్రం గుర్రుమంటూ తిరుగుతోంది. బుల్లి స్క్రీన్ మీద 91 శాతం. ఎదురుగా కుర్చీలో నల్లకళ్ళద్దాలు నెత్తికెత్తుకుని, ఎర్రటి పెదవులతో, చీరల వ్యాపారి వేషంలో సాయిసుధ!

యోహాను కోడ్ మాట అన్నాడు. "గొల్లభామ బొమ్మ చీర కావాలె. నెత్తిమీద కుండ లేకుండ."

జవాబు వంటింట్లోంచి వచ్చింది. "కుండ లేకుంటే గొల్లభామ ఎట్లయితది? మీటర్ చూసేటోనికి చీరెందుకు?" అది చాయ్ పెడుతున్న కొమురవ్వ గొంతు.

యోహాను గొంతు తగ్గించాడు. "దాన్ని బంద్ చెయ్ సుధా."

ఆమె బ్యాగులోంచి సైలెన్సర్ బిగించిన పిస్టల్ తీసింది. "ఆడ్నే ఆగన్నా. పొద్దున ఆగిందంట. ఆన్ చేసి పన్నెండుంబావు దాక కావలుండుమన్నరు ముఠోళ్ళు. బంద్ అయితే నా పానం మీదికొస్తది."

"అందుల ఏమున్నదో ఎరుకనా?"

"అడగొద్దన్నరు. అడగలే."

"మనోళ్ళ పేర్లు ఆరు. అందుల నీదొకటి. పొద్దటి నుంచి పోయిన లెక్కంత ఎక్కించుకుంటున్నది. నూరు శాతం కాంగనే, పన్నెండింటికి బయటికి పంపుతది."

ఆమె నవ్వింది. "గిసొంటి మాటలు బ్యాంకాక్‌ల నీకు నేర్పింది నేనే. రుజువేది?"

"పెట్టె తెరిస్తేనే రుజువు. తెరవాల్నంటే బంద్ చెయ్యాలె."

96 శాతం. జేబులో ఉన్న, సిగ్నల్స్ ఆపే జామర్ పెన్ను నొక్కాడు. ఎర్ర లైటు ఒక్కసారి మెరిసి ఆరిపోయింది. ఛార్జింగ్ లేదు. మూడు రోజులుగా మనిషికే ఛార్జింగ్ లేదు, పెన్నుకెక్కడిది?

"ఇంకో నెలయితే నా సొంత పేరుతోని బతకొచ్చన్నరు మనోళ్ళు," అంది సాయిసుధ. "మూడేండ్లన్నా. నీ ఒక్క మాట మీద అదంత పారబొయ్యాల్నా?"

యోహానుకు భయమేసింది. తన కోసం కాదు. తన ప్రాణం నిలబెట్టిన మనిషి తన చేతులతో తనే చావు తెచ్చుకుంటోంది, యోహాను దగ్గర మాట తప్ప ఏమీ లేదు. 98. పదకొండు యాభై తొమ్మిది. ఒక అడుగు వేశాడు. పిస్టల్ లేచింది.

చాయ్ కప్పులతో కొమురవ్వ వచ్చింది. నీలం లైటు చూసింది. కప్పులు మగ్గం గట్టు మీద పెట్టింది.

"ఏందే గిది? గంతగనం చెప్పినా ఇనవా? అమాస నాడు మగ్గం పండుకోవాలె, మిషన్ పండుకోవాలె, మనిషి పండుకోవాలె!"

"అవ్వా, ముట్టకు!" సాయిసుధ అరిచింది.

"నా ఇంట్ల నన్నే ముట్టకంటవా? గా పిస్తోలు గూడ అవతల పెట్టు. దానికీ అమాసనే!"

పిస్టల్‌కూ పెట్టెకూ మధ్యలోంచి నింపాదిగా నడిచి ప్లగ్గు పీకింది. సాయిసుధ వేలు ట్రిగ్గర్ మీదే ఉండిపోయింది, ముసలామెను కాల్చలేకపోయింది. స్క్రీన్ మీద 99 ఒక్క క్షణం నిలిచి చీకటైంది. దూరంగా ఏదో ఆఫీసు పన్నెండు గంటల సైరన్ మోగింది.

యోహాను మెమరీ కార్డు తీసి, చీఫ్ పంపిన తాళంచెవితో ఫోన్‌లో తెరిచాడు. కొన్నవాళ్ళ అడ్రస్‌లు, కింద ఆరు పేర్లు. చీఫ్‌కూ ఒక కాపీ పంపాడు. పేర్లలో మూడోది సాయిసుధ.

ఆమె రెండుసార్లు చదివింది. నేల మీద కూలబడింది. "ఆన్ చేసింది నేనే గదన్నా. నా చేతులతోని." వెక్కి వెక్కి ఏడ్చింది.

కొమురవ్వ వీపు నిమిరింది. "ఏడ్వకు బిడ్డా. డబ్బా ఖరాబైతే ఇంకోటి తెచ్చుకోవచ్చు. చాయ్ తాగు."

ఫోన్ మోగింది. "వెల్‌డన్!" అన్నాడు చీఫ్. "ఆ అడ్రస్‌లన్నిటి మీదికీ టీములు బయల్దేరాయి. నువ్వు నాలుగింటికి విశాఖ ఫ్లైట్ ఎక్కు. కొత్త అసైన్‌మెంట్."

యోహాను అప్పటికే మగ్గం పక్కన చాప మీద నడుం వాల్చాడు.

"రాను సార్."

"ఎందుకు రావు?"

"అమావాస్య సార్."

మర్నాడు డిపార్ట్‌మెంట్ నుంచి ఉత్తర్వు వచ్చింది: ఏజెంట్ యోహానుకు ఒకరోజు అమావాస్య సెలవు మంజూరు, జీతం కోతతో.