ఆరని గోడ

"గోడ కడ్తున్నవా బిడ్డా, బర్రెకు దాణా కలుపుతున్నవా?" అని సిద్దయ్య మేస్త్రి వెక్కిరించాడో లేదో, ఆయన కొడుకు దేవేందర్ ఆ అమ్మాయి పక్షం చేరిపోయాడు.

2003 మే నెల. లాల్‌గడి మలక్‌పేట్‌లో సిద్దయ్య ఇంటి పక్క ఖాళీ జాగా. ఆ అమ్మాయి సుప్రజ, ఎం.టెక్. చదువుతోంది. కోస్తా నుంచి వచ్చి షామీర్‌పేట కొత్త కాలనీలో ఉంటున్న కుటుంబం. నార తీసేసిన జనుము పుల్లల్ని ముక్కలు చేసి, సున్నంతో కలిపి గోడ కడుతుందట. అదే ప్రాజెక్టు. మేస్త్రి సాయం ఉంటుందని ఈ జాగా అడిగింది.

"సిమెంటు లేకుంటే బరువెట్ల మోస్తది?" అన్నాడు దేవేందర్.

"మోయదండీ. బరువంతా కర్ర ఫ్రేముది. పుల్లల మధ్య గాలి ఉంటుంది కదా, ఎండ వేడిని అది ఆపుతుంది. తొందరగా అంటుకోదు కూడా."

"మా నాయిన బీడి అంటిచ్చి చూస్తడు."

"చూడమనండి."

ఆమె నవ్వలేదు. నవ్వనందుకే మనవాడు పడిపోయాడు.

కలిపినదాన్ని చెక్కల మధ్య కూరి, మర్నాడు చెక్కలు తీశారు. "దీనికి నీళ్లు కొట్టకండి. గాలికే ఆరాలి," అని సుప్రజ మరీమరీ చెప్పింది. "ఆరితేనే నాకు రీడింగులు. నెలాఖరుకి ఇవ్వకపోతే ఏడాది పోతుంది."

చెప్తే మాత్రం? కొత్త గోడ కనిపిస్తే మేస్త్రి కొడుకు చెయ్యి బకెట్ మీదికి పోకుండా ఉంటుందా? తెల్లారి అలవాటుగా రెండు బకెట్లు కొట్టాక గానీ దేవేందర్‌కి నాలుక కరుచుకోవడం గుర్తు రాలేదు.

సుప్రజ వచ్చి గోడ తడిమింది. "ఇంకా తడేనా? రేపు మళ్లీ వస్తాను."

ఆ 'రేపు' అతణ్ణి చెడగొట్టింది. అప్పట్నుంచి రోజూ పొద్దున్నే గోడకు చెంబెడు నీళ్లు. సుప్రజ రోజూ వచ్చేది, తడిమేది, దేవేందర్ తల్లి సాలమ్మ ఇచ్చిన సల్ల తాగేది. ఒక మిట్ట మధ్యాహ్నం సిద్దయ్య కూడా గోడకు వీపానించి, "సల్లగనే ఉన్నదిరా," అని ఒప్పుకున్నాడు. అందులో సున్నం గొప్పెంతో, చెంబు గొప్పెంతో దేవేందర్‌కే తెలుసు.

ఇరవయ్యో రోజు సుప్రజ గోడ మొదట్లో గొంతుక్కూర్చుంది. అక్కడ, పుల్లలతో కలిసొచ్చిన గింజలు రాలి, వరుసగా జనుము మొలకలు. చినుకు పడని మే నెలలో పచ్చగా, పుష్టిగా. ఒకటి పీకి, తడి వేరుని వేళ్లతో నలిపి చూసింది.

నెలాఖరుకి నాలుగే రోజులు. దేవేందర్ వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాడు. చెబితే ఆమె మళ్లీ మొహం చూడదు. చెప్పకపోతే ఆమె ఏడాది పోతుంది.

"నేనే పోసిన," అన్నాడు. "మొదటి రోజు అలవాటుల పోసిన. తర్వాత కావాల్ననే పోసిన. గోడ ఆరితే మీరు రారు గదా."

సుప్రజ తలెత్తలేదు. "మూడో రోజే తెలిసింది. చెంబు గోడ పక్కనే మర్చిపోయారు."

"మరి మీ ప్రాజెక్టు?"

"ఆ రోజే మా డాబా మీద పల్చటి పలక పోసుకున్నాను. శుభ్రంగా ఆరింది, రీడింగులు దానివే. నిన్న సబ్మిట్ చేసేశాను. ఇన్ని నీళ్లు తాగినా మీ గోడ కుంగలేదు, అదీ రాశాను."

దేవేందర్ మొలకల్నీ ఆమెనీ మార్చి మార్చి చూశాడు. "మరి ఇయ్యాల ఎందుకొచ్చిన్రు?"

"గోడ ఇంకా ఆరలేదు కదా."

ఇద్దరి మొహాలూ ఎర్రబడ్డాయి. ఏం చెయ్యాలో తోచక అతను చెంబు తీసి లోపల పెట్టబోయాడు.

"ఇంకో రెండ్రోజులు పోయండి," అంది సుప్రజ, ఈసారి నవ్వి. "ఆదివారం మా నాన్నగారు చూడ్డానికి వస్తున్నారు. ఎందుకు ఆరలేదని అడుగుతారు. ఆయనకి మీరే చెప్పాలి."