ఊపకూడని సీసా

పిన్ని సంచి సర్దుతోంది. రెండు చొక్కాలు, తువ్వాలు, ఊలు టోపీ. అన్నిటికంటే అడుగున పాత టీ ఫ్లాస్కు.

"దాని మూత మాత్రం తీయకు పిన్నీ," అన్నాడు మౌని. సీక్రెట్ సర్వీసులో అతని కోడ్ నేమ్ అది. పెంచిన పిన్నికి మాత్రం ఒట్టి 'నాన్నా'.

"నాకెందుకు నీ మూతలు! ఎన్నాళ్ళకొస్తావు నాన్నా?"

"నాలుగు రోజులు."

"మీ బాబాయి కూడా నాలుగు రోజులనే వెళ్ళాడు," అంది పిన్ని, తలెత్తకుండా జిప్పు లాగుతూ.

గుమ్మంలో సీతాకోక నవ్వింది. ఆమెదీ కోడ్ నేమే, ఆరేళ్ళుగా మౌనికి పార్ట్‌నర్. ఆమె నడిచొస్తుంటే సెంట్రీలు ఐడీ కార్డు అడగడం మరిచిపోతారు.

"నేనున్నాగా అత్తయ్యా! మీ అబ్బాయిని చెక్కుచెదరకుండా అప్పజెప్తాను."

"ముందు నువ్వు తిరిగి రావే తల్లీ. నీకూ ఒక టోపీ అల్లుతున్నాను."

అంతకు గంట ముందే సర్వీసు నడిపే పెద్దాయన బ్రీఫింగ్ ముగిసింది. డిపార్ట్‌మెంటు కోడ్ మాస్టారికి ఆదివారం మెదడులో రక్తనాళం చిట్లింది. విదేశీ ముఠా మనుషుల పేర్లన్నీ ఆయన బుర్రలోనే ఉన్నాయి. కాగితం మీద పెట్టే అలవాటు ఆయనకు లేదు. కారిన నెత్తురు చుట్టూ వాపు పాకితే మాట పోతుంది. ఆ వాపును అడ్డుకునే కొత్త యాంటీబాడీ ఒక్క సీసాయే ఉందని పెద్దాయన ఇద్దరికీ చెప్పాడు. బుధవారం ఉదయం పదకొండు దాటితే ఇచ్చినా వృథా.

"దగ్గు మందులా ఊపారో, నురగ కడుతుంది," అని లాబ్ సైంటిస్టు ఇద్దర్నీ హెచ్చరించింది. "మందు లోపలే ముద్దకట్టి చచ్చిపోతుంది. విషం కాదు, ఒట్టి నీళ్ళతో సమానం. అరచేతుల మధ్య మెల్లగా దొర్లించాలి."

సీసా సీతాకోకకు ఇచ్చారు. ఆమె బయటికి వెళ్ళాక పెద్దాయన మౌనికి ఫ్లాస్కు అందించాడు. పైకి అది టీ ఫ్లాస్కు. లోపల నాలుగు రోజుల బ్యాటరీతో కూలింగ్ చాంబర్, అందులో ఎవరికీ చెప్పని రెండో సీసా.

"నీ నీడకి కూడా చెప్పకు," అన్నాడు.

మంగళవారం సాయంత్రానికి ఆసుపత్రిలో మాస్టారికి కాపలాగా, పక్క మంచం మీద మౌని పేషెంటు వేషంలో ఉన్నాడు. తలకీ దవడకీ కట్టు. చేతులు రెండూ మంచం చువ్వలకు గుడ్డ పట్టీలతో బిగించి ఉన్నాయి, ట్యూబులు పీక్కునే రోగులకు కట్టినట్టు. స్పెషల్ నర్సు వేషంలో సీతాకోకే కట్టింది.

"నటన సహజంగా ఉండాలిగా," అంటూ ఇంకో ముడి వేసింది.

మత్తు సూది విసిరే అతని వాచీని అడ్మిషన్‌లోనే హెడ్ నర్సు ఊడదీసి, కవర్లో వేసి, రసీదు రాసింది. వార్డులో వాచీలు పనికిరావట! డిపార్ట్‌మెంటు ఏడాది కష్టం ఒక చీటీగా మారిపోయింది. రాత్రంతా సీలింగు మీది చెమ్మ మరకే లోకం. ముక్కు మీద దోమ వాలితే తోలుకునే దిక్కు లేదు.

బుధవారం స్కాన్ చూసిన డాక్టరు, పది యాభైకి మందు ఎక్కించమన్నాడు. శత్రువు ఏ క్షణాన వస్తాడోనని మౌని ఓరకంట తలుపునే చూస్తున్నాడు. తలుపు కదల్లేదు.

సీతాకోక సీసా తీసింది. ఊపింది. మళ్ళీ ఊపింది.

మరిచిపోయిందేమో అనుకున్నాడు. మాస్కు పైనుంచి ఆమె కళ్ళు అతని వైపు తిరిగాయి. మరిచిపోయిన కళ్ళు కావవి.

"మాస్టారు చావడులే," అంది మెల్లగా. "మాట్లాడడంతే. పోస్ట్‌మార్టమ్ ఉండదు, అనుమానమూ ఉండదు. అత్తయ్యకి ఏదో ఒకటి చెప్పుకో."

అరుద్దామంటే దవడ కదలదు. లాగితే ముడులు ఇంకా బిగిశాయి. సిరంజి నిండింది. అతని ఒంట్లో స్వేచ్ఛగా ఉన్నది ఒక్క చూపుడు వేలు. దానికి ఆక్సిజన్ కొలిచే క్లిప్పు. దాన్ని చువ్వకేసి గీరాడు. జారలేదు. చర్మం లేచేలా మళ్ళీ గీరాడు.

క్లిప్పు ఊడి పడింది. మెషీను గుక్కపెట్టి ఏడ్చింది.

"ఈ బాబుకి ఒక్క క్షణం స్థిమితం లేదు!" అంటూ హెడ్ నర్సు దూసుకొచ్చింది. క్లిప్పు తగిలిస్తూ సిరంజి వైపు చూసింది. నురగ. "పెద్ద చదువుల స్పెషల్ నర్సట! దీన్ని ఊపుతారా ఎవరైనా? నీకు ట్రైనింగ్ ఇచ్చిందెవరే?"

సీతాకోక ట్రే దించి, తలుపు తోసుకుని వెళ్ళిపోయింది. గోడ గడియారం పది యాభై నాలుగు.

మౌని ఊపిరాడనట్టు గింజుకుంటుంటే హెడ్ నర్సు దవడ కట్టు కత్తిరించింది. అతను రొప్పుతూ అన్నాడు, "మంచం కింద సంచి. ఫ్లాస్కు. గొడుగు ఇంకా తడిగానే ఉందని డాక్టరుకి చెప్పండి!"

పెద్దాయన ముందే చెప్పి ఉంచిన ఆ కోడ్ వినగానే డాక్టరు పరుగున వచ్చాడు. ఫ్లాస్కు డయల్ మీద ఐదు డిగ్రీలు. "ఈ మందు చెడలేదు. కానివ్వండి సిస్టర్!"

హెడ్ నర్సు సీసాను అరచేతుల మధ్య దొర్లించడం మొదలుపెట్టింది, జోలపాడుతున్నంత నిదానంగా. పది యాభై ఏడు.

"త్వరగా!" అన్నాడు మౌని.

"నోర్మూసుకో బాబూ. ఇది తొందరకి లొంగే మందు కాదు."

పది యాభై తొమ్మిదికి మందు మాస్టారి నరంలోకి దిగింది.

మూడో రోజు మాస్టారు నోరు విప్పాడు. కూడబలుక్కుంటూ చెప్పిన మొదటి పేరు సీతాకోక అసలు పేరు. ఆరేళ్ళలో మౌని ఎన్నడూ వినని పేరు.

ఇంటి దగ్గర పిన్ని సంచి విప్పింది. "టోపీ మడత కూడా చెదరలేదేం నాన్నా? ఆ పిల్లేదీ?"

మౌని తువ్వాలు పెట్టడానికి అలమర తెరిచాడు. లోపల రెండో టోపీ అల్లడం పూర్తయి ఉంది.

రసీదు చూపిస్తే వాచీ తిరిగిచ్చారు. సీతాకోకకి రసీదు లేదు. ఆ బుధవారం ఉదయం పది యాభై నాలుగుకి వార్డు తలుపు దాటింది. మళ్ళీ రాలేదు.