దాపటి పన్ను

కోకాపేటలో మా దంత వైద్యశాల ఒక ఆఫీసు టవర్ రెండో అంతస్తులో ఉంది. అద్దాల గోడ, తెల్లటి సోఫా, గోడ నిండా నవ్వే నోళ్ళ బొమ్మలు. వచ్చేవాళ్ళంతా మెడలో ఐడీ కార్డులతో వస్తారు. పళ్ళు తెల్లబరచమంటారు, వంకర సరిచేయమంటారు, మీటింగుంది త్వరగా కానిమ్మంటారు. ఎదురుగా కడుతున్న టవర్ మీద సిమెంటు మోసేవాళ్ళలో ఒక్కరు కూడా ఏనాడూ మా లిఫ్టు ఎక్కలేదు. వాళ్ళకు పళ్ళు లేవా? నొప్పి లేదా? నాకు ఒళ్ళు మండేది. అప్పటికి నాకు ఇరవై ఆరేళ్ళు. వైద్యం సరుకు కాదు, హక్కు అని ఫోన్ వెనక అంటించుకుని తిరిగేదాన్ని.

మూడు నెలలు పోట్లాడితే ఒక ఆదివారం ఉచిత శిబిరానికి యాజమాన్యం ఒప్పుకుంది. టవర్ల వెనక మిగిలిపోయిన పాత ఊళ్ళో, ఒక రేకుల షెడ్డులో పెట్టాం. బ్యానర్ నేనే రాశాను: ప్రజల భాషలో ప్రజలకు వైద్యం.

సాయిలు అక్కడికే వచ్చాడు. డెబ్బై దాటిన మనిషి. ఈ టవర్లున్న చోటే ఒకప్పుడు వేరేవాళ్ళ పొలాల్లో నాగలి పట్టిన జీతగాడు. భూములు కోట్లకు అమ్ముడుపోయాయి. దున్నినవాడికి మాత్రం ఎవరూ ఏమీ ఇవ్వలేదు. అది విన్నప్పుడే అనుకున్నాను, ఈయన నోటికి వైద్యం నేనే చేయాలని.

"ఏ పన్ను తాతగారూ?"

"దాపటిది, బిడ్డా. దాపటి దవడ పన్ను."

నోట్లోకి చూశాను. రెండు వైపులా కింది దవడ పళ్ళు నల్లబడి గుంటలు పడి ఉన్నాయి. షెడ్డులో ఎక్స్‌రే లేదు. మాది తణుకు. మా ఇంట్లో దాపున అంటే దగ్గర. కుడిచేతి వాటం కాబట్టి నేనెప్పుడూ మనిషికి కుడి పక్కన కూర్చుంటాను. నాకు దగ్గరగా ఉన్నది కుడి దవడ. సూది అక్కడే వేశాను.

తిమ్మిరి ఎక్కాక ఆయన చెయ్యెత్తి ఏదో అనబోయాడు.

"మాట్లాడకండి తాతగారూ, అయిపోవచ్చింది."

వెనక నిలబడ్డ భార్య రుక్కమ్మ ఆయన్ని కసిరింది. "ఊకో నువ్వు. డాక్టరమ్మకు ఎరుక లేదా?"

ఆయన చెయ్యి దించేశాడు. పన్ను బయటికొచ్చింది. చీటీ మీద రాసిచ్చాను: పుచ్చిన పన్ను తీసివేయడమైనది. వెళ్తూ ఆయన నాకు రెండు చేతులెత్తి దండం పెట్టాడు. ఆ రాత్రి నాకు నా మీద ఎంత గౌరవం కలిగిందో చెప్పలేను.

ఆ వారమే గురువారం మధ్యాహ్నం నుంచి వాన. నాలుగున్నరకే రోడ్డు మీద లైట్లు వెలిగాయి. అద్దం మీద నీళ్ళు జారుతున్నాయి. వస్తామన్నవాళ్ళు ఒక్కొక్కరే ఫోన్ చేసి మానుకున్నారు. రిసెప్షన్ అమ్మాయి రాలేదు. నేనూ, మా సహాయకుడు తిరుపతీ మిగిలాం. ఆయనది ఆ పాత ఊరే, నలభై దాటిన మనిషి. పనిముట్లు కడుగుతూ, తలెత్తకుండానే అన్నాడు.

"సాయిలు తాతకు పాణం బాగలేదంట మేడం. సర్కారు దవాఖానల వేసిండ్రు."

"ఏమైందండీ తిరుపతిగారూ?"

"గారు గీరు వద్దంటే ఇనరు మీరు. మెడ దాంక వాచిందంట. నోరు తెరుస్తలేడు. ఊపిరి కూడా కష్టమైతుందంట. మీరిచ్చిన చీటీ చూసి, పుచ్చిన పన్ను తీసేసిండ్రు గదా, మరి గీ వాపు ఏడికెళ్ళి వచ్చిందని డాక్టర్లు పరేషాన్ అయితున్నరంట."

"వాపు ఏ వైపు?"

"దాపటి దిక్కే."

"అంటే... నేను తీసిన వైపే కదా?"

ఆయన చేతిలో బ్రష్షు ఆగింది. "దాపట అంటే ఎడమ మేడం. నాగలికి ఎడమ దిక్కు కట్టేది దాపటెద్దు. కుడి దిక్కుది వలపటెద్దు. మీ దిక్కు ఎద్దులు లేవా ఏంది?"

నవ్వుతూ అన్నాడు. నా ముఖం చూసి నవ్వు ఆపేశాడు. చేతులు తుడుచుకుని, ఒక కాగితం ముక్క నా ముందు పెట్టాడు. ఆసుపత్రి డాక్టర్ నంబరు. రుక్కమ్మ ఇచ్చిందట.

"ఒక్క మాట చెప్తే, వాళ్ళు ఆ పన్ను చూసుకుంటరు. ముసలాయన బతుకుతడు. ఫోన్ చేస్తరు గదా?"

"చేస్తాను. మీరు వెళ్ళండి, వాన పెరిగేలా ఉంది."

ఆయన వెళ్ళాడు. నేను చేయలేదు.

ఎందుకు చేయలేదో అప్పుడు నా దగ్గర చాలా జవాబులున్నాయి. తప్పని తెలిస్తే శిబిరాలు ఆపేస్తారు. ఒక మనిషి పొరపాటు వల్ల ఒక ఉద్యమం ఆగకూడదు. అసలు నేరం వ్యవస్థది. షెడ్డుకు ఎక్స్‌రే ఇవ్వని వాళ్ళది. అన్నీ నిజాలే. ఒక్కొక్కటీ పైకి అనుకుంటూ ఆ సోఫాకూ ఈ అద్దానికీ మధ్య తిరిగాను. కూర్చున్నాను. లేచాను. కాగితం మడిచాను. విప్పాను. ఐదున్నర. ఆరు. ఆరుంపావు.

అప్పుడు వాసన వచ్చింది.

మా దగ్గర ఎప్పుడూ లవంగ నూనె వాసనే. ఇది అది కాదు. దున్నిన తడి మట్టి వాసన. పశువుల కొట్టం వాసన. వాటి అడుగున... తియ్యగా, వెచ్చగా, చీము వాసన.

లోపలి గదిలో కుర్చీ మోటారు గుర్రుమంది. కుర్చీ వెనక్కి వాలేటప్పుడు వచ్చే చప్పుడు.

తలుపు తోశాను. కుర్చీ పైన దీపం వెలుగుతోంది. కింద సాయిలు పడుకుని ఉన్నాడు. అదే మాసిన ధోతి. మెడ మీద వాపు లేదు. నోరు తెరిచి ఉంది.

"ఆసుపత్రి నుంచి పంపించేశారా తాతగారూ?"

ఆయన చూపు పైకప్పు మీదే. పెదవులు కదలలేదు. మాట మాత్రం వచ్చింది, గుసగుసగా.

"దాపటిది."

భయపడాల్సింది. పారిపోవాల్సింది. కానీ నాకు కలిగింది ఆశ.

"ఇప్పుడు నాకు తెలుసు తాతగారూ" అన్నాను.

సూది తీశాను. ఆయన చెయ్యి నా మణికట్టు పట్టుకుంది. నీళ్ళలో నానిన తోలులా ఉంది ఆ చెయ్యి. సూది వద్దని అర్థమైంది. పటకారు తీసుకున్నాను. ఎడమ దవడ. రెండుసార్లు వేలితో తడిమి చూసుకున్నాను. ఎడమే.

పన్ను పీకడమంటే లాగడం కాదు. గట్టిగా పట్టుకుని, మణికట్టుతో అటూ ఇటూ ఊపాలి. ఎముక వదులయ్యేదాకా ఊపాలి. ఊపాను. చిన్న చప్పుడైంది, ఎండు పుల్ల విరిగినట్టు. పన్ను ఊడి వచ్చింది. నల్లగా ఉంది. వేర్ల చివర చీము సంచి వేలాడుతోంది. రక్తం ఒక్క చుక్క కూడా లేదు. గుంట లోపల చీకటి. దీపం దగ్గరికి జరిపాను. అయినా చీకటే.

దూది కోసం అటు తిరిగాను. ఇటు తిరిగేసరికి కుర్చీ ఖాళీగా ఉంది. తల పెట్టుకునే చోట వేసిన కాగితం నలగను కూడా లేదు. పన్ను మాత్రం పళ్ళెంలో ఉంది. ముట్టుకుంటే వెచ్చగా ఉంది.

గోడకు ఆనుకుని కింద కూర్చున్నాను. లోపల, సిగ్గులేకుండా, ఒక నెమ్మది. సరిచేశాను. ఎవరికీ చెప్పకుండానే సరిచేశాను.

ఫోన్ మోగింది.

"డాక్టర్ ఉమాశ్రీ గారా? నా పేరు ప్రియదర్శిని. సాయిలు అనే పేషెంటును చూస్తున్నాను. మీ చీటీ మీద ఈ నంబరుంది." గొంతులో అలసట. "ఐదు నిమిషాల కింద నోరు దానంతటదే తెరుచుకుందండీ. ఎడమ దవడలో ఒక పన్ను లేదు. తాజాగా తీసినట్టుంది. చీమంతా కారిపోతోంది, ఊపిరి అందుతోంది. మీరు తీసింది ఆ పన్నేనా?"

చెప్పడానికి అదే సమయం. లేదండీ, నేను తీసింది కుడిది, తప్పు నాది. పది మాటలు కూడా లేవు.

"అవునండీ" అన్నాను. "అదే."

"అలాగా. మరి కుడి పక్కన కూడా..." ఆగింది. "ఒక్క నిమిషం."

అవతల ఎవరో ముసలామె ఏడుస్తోంది. మంచం ఇనుప చప్పుడు. మళ్ళీ ప్రియదర్శిని గొంతు. ఈసారి బాగా తగ్గించి మాట్లాడుతోంది.

"ముందు వరస పన్ను ఒకటి ఊడింది. ఇప్పుడే. నేను చూస్తుండగానే. ఎవరూ ముట్టుకోలేదు... ఇంకొకటి కదులుతోంది."

"డాక్టర్, వినండి. నేను అబద్ధం చెప్పాను. నేను తీసింది ఆయన చెప్పిన పన్ను కాదు, కుడిది. ఆయన మాట నాకు అర్థం కాలేదు. తప్పు నాది." అంతా చెప్పేశాను. ఊపిరి తీసుకోకుండా చెప్పాను.

ఆమె విన్నట్టు లేదు.

"ఆయన భార్య మంచానికి కుడి పక్కన ఎవరికో దండం పెడుతోంది. అక్కడ ఎవరూ లేరు." ఫోన్ అటువైపు తిప్పినట్టుంది. రుక్కమ్మ మాట స్పష్టంగా వినబడింది.

"ఇగ చాలు డాక్టరమ్మా... జర ఆగు డాక్టరమ్మా... అవి మంచియే..."

ఫోన్ నా ఎడమ చేతిలో ఉంది. కుడి చేతి వైపు చూశాను. ఖాళీ చెయ్యి. పిడికిలి బిగుసుకుని ఉంది. మణికట్టు, నెమ్మదిగా, అటూ ఇటూ ఊగుతోంది.