వాక్సేతువు మీద రోజలీన్

2074లో యానాంలో చెవిబిళ్ల లేకుండా గుమ్మం దాటేవాడు లేడు. పులసలమ్మే ఆవిడ ఏ భాషలో బేరమాడినా, కొనేవాడి చెవిలో తేటతెలుగే పడేది. ఆ బిళ్ల వెనక పనిచేసే యంత్రం పేరు వాక్సేతువు. డాక్టర్ పినిశెట్టి మార్కండేయులు కనిపెట్టిన ఈ న్యూరల్ ఇంటర్‌ప్రెటర్ ఆటిజం ఉన్నవాళ్ల మాటను కూడా విప్పి చెబుతుంది. తిప్పి తిప్పి అన్న ముక్కలు, మధ్యలో కూనిరాగం, సగంలో ఆగిన వాక్యం, అన్నిటినీ సాపుచేసి వినేవాళ్లకు అందిస్తుంది. అలాగని ఇరవై ఏళ్లుగా అందరూ నమ్మారు. నమ్మక ఏం చేస్తారు, హాయిగా ఉంది కదా!

ఆ రోజు ఊళ్లో ఫ్రెంచి ఆటిజం గళాల పండుగ. పేరెంత ఘనమో చూడండి! ఫ్రెంచి మాట్లాడే రియూనియన్ నుంచి, కెబెక్ నుంచి వచ్చిన ఆటిజం ఉన్న వక్తలు పొద్దుటి నుంచీ మాట్లాడారు. అందరూ కృతజ్ఞతలే చెప్పారు. ఒక్కరికైనా ఫిర్యాదు లేదు. అదేమి విడ్డూరమని సభలో ఒక్కరికీ అనిపించలేదు.

చివరగా రోజలీన్ లేచింది. ముప్ఫై ఆరేళ్ల ఈ ఊరి మనిషి. ఆమెకూ ఆటిజం ఉంది. తెలుగు అర్థమవుతుంది గానీ, నోటికి వచ్చేది నాన్నమ్మ నేర్పిన ఫ్రెంచే. పంతొమ్మిదేళ్లుగా రోజూ పొద్దున్నే గౌతమి రేవులో నీటిమట్టం కొలిచి రాయడం ఆమె ఉద్యోగం. ఆ సాయంత్రమే ఆమెను ఎక్కడో దూరాన ఉన్న సంరక్షణ గృహానికి తీసుకుపోవడానికి వ్యాను బయట నిలిచి ఉంది. ఆమె ఒప్పుకుందని వాక్సేతువు చెప్పింది. అక్క ఎస్తేరు సంతకం పెట్టింది.

రోజలీన్ మైకు ముందు నిలబడి, వేళ్లు ముడుస్తూ విప్పుతూ మాట్లాడింది. "మీ అభిమానానికి ధన్యురాలిని. మీరెలా అంటే అలాగే" అని అందరి చెవుల్లో పడింది. చప్పట్లు మోగాయి.

ముందు వరుసలో ఉన్న రిటైరైన ఫ్రెంచి మేష్టారు బొల్లెం సుందరం చెవిలో బిళ్ల లేదు. కురుపు లేచిందని ఆ పూట తీసేశారు. ఆయన విన్నది వేరు.

"ఝ రెస్త్. ఝ రెస్త్. ఝ రెస్త్."

నేనిక్కడే ఉంటాను. మూడుసార్లు చెప్పింది.

ఆయనకు ఒళ్లు మండిపోయింది. గబగబా వేదికెక్కి, అక్కడ కూర్చున్న మార్కండేయుల్ని నిలదీశారు.

"ఏవండీ డాక్టరుగారూ, పిల్ల వెళ్లనని మొత్తుకుంటుంటే మీ యంత్రం సరేనంటుందేంటండీ?"

"అలా జరగదండి. అనువాదం కుదిరిందో లేదో అది ప్రతిసారీ సరిచూసుకుంటుంది."

"ఎవర్ని అడిగి?"

"వినేవాళ్ల మొహం చూసండి. తృప్తిగా ఉంటే కుదిరినట్టు. మొహం చిట్లిస్తే మాట మార్చుకుని..." చెబుతూ చెబుతూ ఆయనే ఆగిపోయారు.

"మాట్లాడినవాళ్లని ఒక్కసారన్నా అడిగారా?"



మేష్టారు మైకు లాక్కున్నారు. "సిగ్గులేదూ మనకి! ఇరవై ఏళ్లుగా మనకి నచ్చిన మాటలే విని మనమే మురిసిపోతున్నాం! ఆ వ్యాను వెనక్కి పంపించండి!" అని గొంతు చించుకున్నారు. సభంతా లేచి నిలబడి నవ్వు మొహాలతో చప్పట్లు కొట్టింది. ఆ మైకు కూడా వాక్సేతువుదే మరి.

రోజలీన్ వేదిక దిగింది. తిన్నగా అక్క దగ్గరకు పోయి, ఆమె చెవిలోని బిళ్ల తీసి ఆమె చేతిలోనే పెట్టింది.

"ఝ రెస్త్" అంది.

మేష్టారు వెనకే పరుగున వచ్చారు. "విన్నావా అమ్మా ఎస్తేరూ? వెళ్లనంటోంది, ఇక్కడే ఉంటానంటోంది!"

ఎస్తేరు కళ్లు తుడుచుకుంది. "ఆ నాన్నమ్మే నాకూ నేర్పింది కదండీ మేష్టారూ. నెలరోజులుగా ఇంట్లో అదే మాట. నాకెందుకు తెలీదండీ?"

"మరి సంతకం ఎలా పెట్టావమ్మా?"

ఎస్తేరు చేతిలోని బిళ్ల చూపించింది. "ఇందులో సరేనందండీ."

బిళ్లను మళ్లీ చెవిలో పెట్టుకుని, చెల్లెలి వైపు తిరిగింది.

"ఇప్పుడు చెప్పమ్మా రోజీ" అంది.