సీబ్ రోడ్డులో ఒక వంపు

కామేశ్వరరావుకి రోడ్డు తిన్నగా ఉంటేనే అన్నం సయిస్తుంది. పిఠాపురం నుంచి మస్కట్ వచ్చి రెండేళ్లయింది. రోడ్లు గీసే కన్సల్టెంట్ల ఆఫీసులో అతని స్కేలు ఇంకెవరూ ముట్టుకోరు.

అది పంతొమ్మిది వందల డెబ్బై ఆరు. ఎయిర్‌పోర్టు పక్కన సీబ్ ఊరు పెరుగుతోంది, పెద్ద రోడ్డు కావాలని ప్రభుత్వం అడిగింది. కామేశ్వరరావు స్కేలు పెట్టి ఒక గీత గీశాడు. గీసి, కాసేపు దాన్ని చూసి మురిసిపోయాడు.

"ఇది ఎవరినడిగి గీశారు?"

వెనక్కి తిరిగాడు. తెలుగు. అందులోనూ ఆడగొంతు. మెడలో కెమెరా, చేతిలో గొడుగు. మస్కట్‌లో గొడుగు పట్టుకు తిరిగే మనిషిని అతను అదే మొదటిసారి చూడటం.

ఆవిడ పేరు మంగతాయారు. అమెరికాలో క్లీవ్‌లాండ్ అనే ఊళ్లో టౌన్ ప్లానింగ్ చదివి, అక్కడే కొన్నాళ్లు ఉద్యోగం చేసి, ఇక్కడ బ్యాంకులో పనిచేసే అన్న సుబ్బారావు ఇంటికి వచ్చింది. ఆ పొద్దున్నే ఆఫీసులో చేరింది.

"రోడ్డు వెయ్యడానికి అడగడమేమిటండీ? సర్వే చేశాం."

"నేలని సర్వే చేశారు. మనుషుల్ని?"

"ఇటు ఇళ్లు. అటు తోటలు, మంచినీళ్ల బావి. మధ్యలో ఖాళీ. ఖాళీలో వేశాను."

"రోజూ అందరూ నడుస్తారు కాబట్టే అది ఖాళీగా ఉంది."

కామేశ్వరరావుకి ఒళ్లు మండింది. ఆవిడ కళ్లు బావున్నాయని కూడా అనిపించింది. రెండూ ఒకేసారి అనిపించడం అతనికి అలవాటు లేదు.

మధ్యాహ్నం ఆవిడ గోడ మీద క్లీవ్‌లాండ్ స్లైడ్లు వేసి చూపించింది. తలుపులకి చెక్కలు కొట్టేసిన ఇళ్లు, మూసేసిన కొట్లు.

"యుద్ధం జరిగిందా అండీ అక్కడ?" అన్నాడు.

"లేదు. రోడ్డు వేశారు."

ఎవరూ నవ్వలేదు. ఆవిడా నవ్వలేదు.

"పేటల మధ్యలోంచి హైవేలు వేశారు. కార్లున్నవాళ్లు ఆ రోడ్డెక్కి ఊరవతల ఇళ్లు కట్టుకున్నారు. లేనివాళ్లు, ఎక్కువమంది నల్లవాళ్లు, అక్కడే మిగిలారు. తర్వాత స్కూళ్లూ బస్సులూ నడపడానికి పన్నులు చాల్లేదు. అప్పుడు మీటింగులు పెట్టి జనాన్ని అడిగారు, ఏం చేద్దామని. పైగా ఆ ఊళ్లో ఓసారి నది అంటుకుంది."

"నది ఒడ్డునా?"

"నదే. ఫ్యాక్టరీల నూనె తేలి."

కామేశ్వరరావు ఆలోచించాడు. "ఆర్పారా?"

"ఆర్పారు. నీళ్లతో."

మర్నాడు ఇద్దరూ సైట్‌కి వెళ్లారు. సర్వే కర్ర పట్టుకునే భూమయ్య కూడా వచ్చాడు. కరీంనగర్ మనిషి, అరబ్బీ గలగలా మాట్లాడతాడు. తిరిగొచ్చే దారిలో వాన పట్టుకుంది. రోడ్డుకి అడ్డంగా ఎండిపోయి ఉండే వాగు ఒక్కసారిగా ఎర్రగా పొంగింది. ల్యాండ్‌రోవర్ ఆపేశారు.

"ఈడ గింతే సార్. తగ్గేదాక కూసోవాలె," అని భూమయ్య నిద్రపోయాడు.

తాయారు దిగి గొడుగు విప్పింది. కాస్సేపు చూసి, గొడుగు సగం పక్కకి జరిపింది. కామేశ్వరరావు దిగి ఆ సగంలో నిలబడ్డాడు. ఎడమ భుజం పూర్తిగా తడిసింది. కుడి భుజం మాత్రం జన్మలో ఎన్నడూ అంత సుఖపడలేదు.

"చలిగా ఉందా?" అంది.

"లేదండీ," అన్నాడు, పళ్లు టకటకలాడుతుండగా.

ఆవిడ మొదటిసారి నవ్వింది. ఈ మనిషి లేకుండా తను బతకలేడని అతనికి అక్కడే, మోకాళ్ల దాకా బురదలో, తెలిసిపోయింది.

తెలిశాక ఏం చేశాడు? పద్ధతి ప్రకారం శుక్రవారం పొద్దున్నే ఇస్త్రీ బట్టలు వేసుకుని సుబ్బారావు దగ్గరికెళ్లాడు. గోత్రాలు వేరని తేలింది. వాళ్లది తుని అని తేలింది. సుబ్బారావు పొంగిపోయాడు. ఆయన భార్య అన్నపూర్ణ పాయసానికి పాలు పొయ్యి మీద పెట్టింది. ఆషాఢం వెళ్లాక ముహూర్తం అనుకున్నారు.

గొడుగు పట్టుకుని తాయారు బయటనుంచి వచ్చింది. సంగతి విన్నది.

"ఎవరినడిగి గీశారు ఈ గీత?"

"అన్నయ్యగారిని..." అన్నాడు కామేశ్వరరావు.

"ఇదీ ఖాళీగా కనిపించిందా మీకు?"

"తాయారూ, మంచి సంబంధమే!" అన్నాడు సుబ్బారావు.

"కావచ్చు అన్నయ్యా. రోడ్డూ మంచిదే." ఆవిడ గొడుగు ముడిచింది. "అడిగి ఉంటే ఏమనేదాన్నో ఇప్పుడు నాకే తెలీదు."

లోపలికెళ్లి తలుపేసుకుంది. పాలు పొంగిపోయాయి. అన్నపూర్ణ గిన్నె దించింది గానీ ఎవరికీ పాయసం పెట్టలేదు.

ఆ వారమంతా ఆఫీసులో తాయారు అతనితో ఇంగ్లీషులోనే మాట్లాడింది. కామేశ్వరరావుకి అన్నం సయించలేదు. రోడ్డు తిన్నగానే ఉంది.

చివరికి భూమయ్యని వెంటబెట్టుకుని సీబ్ వెళ్లాడు. బావి దగ్గర ఉమ్ సయీద్ అనే ముసలావిడ మేకలకి నీళ్లు పెడుతోంది. కామేశ్వరరావు ఇసకలో కూచుని డ్రాయింగ్ పరిచాడు. రోడ్డు ఇలా వస్తుంది, మీకేమైనా ఇబ్బందా అని భూమయ్యని అడగమన్నాడు. చుట్టూ ఆడవాళ్లు మూగారు. కాఫీ వచ్చింది, ఖర్జూరాలు వచ్చాయి. ఒక్కొక్కరూ ఎక్కణ్ణించి ఎక్కడికి నడుస్తారో వేలితో చూపించారు. డ్రాయింగంతా వేలిముద్రలయింది.

ముసలావిడ ఏదో అడిగింది. భూమయ్య తల గోక్కున్నాడు.

"ఏమంటోంది?"

"మొన్న గొడుగు పట్టుకొనొచ్చిన పిల్ల నీ పెండ్లామా అంటున్నది సార్."

"కాదని చెప్పు. వాళ్లన్నని అడిగాను, ఆవిడ కోపం తెచ్చుకుందని చెప్పు."

భూమయ్య చెప్పాడు. ఆడవాళ్లందరూ ముసుగులడ్డం పెట్టుకుని నవ్వారు. ముసలావిడ నవ్వకుండా ఏదో అంది.

"ఏమందోయ్?"

"చెప్పమంటవా సార్? నా మేకల సంగతి అడగనీకె గింత దూరమొచ్చినవు. గా పిల్లను అడగనీకె కాళ్లు రాలేదా అంటున్నది."

కామేశ్వరరావు వెళ్లి తన గీత చెరిపేశాడు. తోటల వెనకనుంచి తిప్పి, రెండు వంపులు పెట్టి కొత్తది గీశాడు. ఛీఫ్ ఇంజనీరు కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ చూశాడు.

"ఈ వంకరేమిటి?"

"బావి సార్."

"ఆ రెండోది?"

"మేకలు సార్."

ప్రభుత్వం వారు బావికి ఒప్పుకున్నారు. మేకలకి ఒప్పుకోలేదు. కామేశ్వరరావు మేకల కోసం మూడుసార్లు రాసి, తిట్లు తిని, రోడ్డు కింద ఒక తూము మాత్రం సాధించాడు. మేకలకి సరిపోయేంత. మనిషైతే వంగాలి.

ఆ వంపు దగ్గర సున్నంతో ముగ్గులు పోసి మేకులు కొడుతున్న రోజున తాయారు వచ్చింది. ఎండలో గొడుగు వేసుకుని మేకుల వెంబడి ఆ చివరిదాకా నడిచి, వెనక్కి వచ్చింది.

"మీరేనా గీసింది?" అంది. తెలుగులో.

"చాలామంది గీశారండీ. నేను పెన్సిలు పట్టుకున్నాను." చేతులకంటిన సున్నం దులుపుకున్నాడు. "ఇంకో సంగతి. మిమ్మల్ని పెళ్లి చేసుకోవాలని ఉంది. మీకేమైనా ఇబ్బందా?"

"ఉన్నాయి. ఉద్యోగం మాననండి."

"మానకండి."

"నాకు వంట రాదు."

"నాకు వచ్చండి. ఒక్క పులుసే."

"మీరు తప్పు చేస్తే అందరి ముందూ అడుగుతాను."

"అలవాటయిపోయిందండీ."

తాయారు వంగి ఒక మేకు కదిపి చూసింది. కళ్లు తడిశాయి.

"తిన్నటి గీత గీసేవాళ్లని క్లీవ్‌లాండ్‌లో బోలెడుమందిని చూశాను కామేశ్వరరావుగారూ. గీసింది చెరిపినవాణ్ణి ఇప్పుడే చూడటం."

గొడుగు సగం పక్కకి జరిపింది. వాన లేదు. అయినా వెళ్లి నిలబడ్డాడు.

"మరి అన్నయ్యని ఎవరడుగుతారు?" అంది.

"అది ముందే అయిపోయిందిగా అండీ," అన్నాడు కామేశ్వరరావు.