రెండో ఇంటిపేరు

పొద్దున ఏడు గంటలకు చిలీ నుంచి ఫోన్ వచ్చింది. అక్కడ ఇంకా నిన్నటి రాత్రే నడుస్తోంది.

వంటింట్లో కూర్చుని జ్ఞానమణి ఎండు మిరపకాయలు మూట కడుతోంది. కూతురు మహిమ ఫోన్‌ను పప్పు డబ్బాకు ఆనించి నిలబెట్టింది. తెరమీద భూపేష్ కనిపించాడు. ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీ ల్యాబులో మహిమతో కలిసి పనిచేసినవాడు. ఏడాది కిందట చిలీ వెళ్ళి, అక్కడి ఎడారి పట్నంలో గనుల కంపెనీ ల్యాబులో చేరాడు. ఇప్పుడు అదే ల్యాబులో మహిమకూ ఉద్యోగం దొరికింది. ఆదివారమే ప్రయాణం.

"అమ్మా, ఆ మిరపకాయలు పెట్టొద్దు," అన్నాడు భూపేష్. "గింజలుండేది ఏదీ రానీయరు ఈడ. విమానం దిగతానే కుక్కను తెచ్చి పెట్టెలు వాసన చూపిస్తారు."

"మీయమ్మ మిరపకాయ వాసన చూసినాక ఆ కుక్క బతుకుతాదా నాయనా?" అన్నాడు దావీదురాజు, గుమ్మంలో కూర్చుని టీ తాగుతూ. సిమెంటు లారీ నడుపుతాడాయన. ఇంట్లో ఉండే నాలుగు రోజులూ నవ్వించే పని ఆయనదే.

భూపేష్ ఒక్కొక్కటే చెప్పుకుపోయాడు. జూన్‌లో చలి, డిసెంబరులో ఎండ. రాత్రి తొమ్మిది దాటితేగానీ ఎవరూ అన్నం మాట ఎత్తరు. నేల కదులుతుంది, కంగారుపడి వీధిలోకి ఉరకకూడదు. ఆడవాళ్ళెవరైనా పలకరించేటప్పుడు చెంపకు చెంప ఆనిస్తారు, వెనక్కి జరిగితే బాధపడతారు.

"వాన పడతాదా?" అడిగాడు దావీదురాజు.

"ఏండ్లకేండ్లు పడదు చిన్నాయనా."

"అంటే మన జిల్లానే. దీనికి అంత దూరం పోవాల్నా పాపా?"

మహిమ పగలబడి నవ్వింది. జ్ఞానమణి నవ్వలేదు. ఆ నవ్వు ఇంక నాలుగు రోజులకు ఇంట్లో ఉండదని ఆమె ఒక్కతే లెక్కపెట్టుకుంటోంది.

"ఇంకొకటి మహిమా," అన్నాడు భూపేష్. "ఈడ ప్రతి మనిషికీ రెండు ఇంటిపేర్లు. ముందు నాయనది, వెనకాల అమ్మ పుట్టింటిది. పెండ్లయినా ఆడోళ్ళు పుట్టింటి పేరు వదలరు. పాస్‌పోర్టులో ఏమున్నా సరే, చేరిన దినమే అడుగుతారు. నాకు తెలీక ఒకటే చెప్తే, పాపం అమ్మ లేదేమో అన్నట్టు చూసినారు. మీ అమ్మ పుట్టింటి పేరేంది?"

మహిమ తల్లివైపు చూసింది. ఆమెకు తెలియదు. ఇరవై ఆరేళ్ళ పిల్లకు తల్లి పుట్టింటి పేరు తెలియదు!

జ్ఞానమణి మూట ముడి బిగించింది, విప్పింది, మళ్ళీ బిగించింది. "కాటం అని చెప్పు. పెండ్లయినాక నాదీ అదే."

"కాటం కాటం అంటే నువ్వూ నాయనా అన్నాచెల్లెళ్ళనుకుంటారమ్మా ఆడ!"

దావీదురాజు నవ్వబోయి, భార్య ముఖం చూసి టీతోపాటు మింగేశాడు. మహిమ మళ్ళీ మాట్లాడతానని చెప్పి ఫోన్ పెట్టేసింది.

"నాయనా, నువ్వన్నా చెప్పు."

"అది నేను చెప్పేది కాదు పాపా."

"మరి అమ్మే చెప్పాల. ఆత్మకూరులో మీవాళ్ళున్నారని తెలుసు. అంతకుమించి ఒక్క మాట చెప్పవు. ఎందుకమ్మా?"

జ్ఞానమణి చివ్వున లేచింది. "పోయేదానివి పో! దేశం కాని దేశానికి పోతాండావు. తల్లిని వదిలిపెట్టి పోయేదానికి తల్లి ఇంటిపేరు దేనికి?"

"నువ్వు మాత్రం? తాతను వదిలిపెట్టి రాలేదా?"



"నేను... నేను ఆత్మకూరు నుంచి వచ్చినా. నంద్యాలలో బస్సు మారితే మధ్యాన్నానికి చేరే ఊరు. నీ మాదిరి సముద్రాలు దాటలేదు."

"పోయినావా మరి?" అంది మహిమ. "ఒక్కసారన్నా? మధ్యాన్నానికి చేరే ఊరికి నువ్వు పోనేలేదు. నేను మూడు విమానాలు మారినా సరే వస్తానమ్మా. యాడో దూరాన ఉండేది నేను కాదు, నువ్వు."

జ్ఞానమణి పెరట్లోకి వెళ్ళి, తోమిన గిన్నెలే మళ్ళీ తోముతూ కూర్చుంది.

ఆమె తండ్రి ఆత్మకూరు చర్చిలో సంఘపెద్ద. కూతురు అప్పట్లో లారీ క్లీనరుగా ఉన్న దావీదురాజును పెళ్ళి చేసుకుంటానని పట్టుపట్టిన ఆదివారం, ఆరాధన ముగిసి జనం బయటికొస్తుంటే, అందరి ముందూ ఒకే మాటన్నాడు. "ఈ దినం నుంచి మా ఇంటిపేరు నీ నోట రాకూడదు." ఆమె అదే పంతం పట్టింది. పలకలేదు. తండ్రి పోయిన కబురొస్తే బస్టాండు దాకా నడిచి, బస్సు కదిలిపోయేదాకా నిలబడి, వెనక్కి వచ్చేసింది. అడిగేవాళ్ళు లేకపోవడంతో ఆ పేరు లోలోపలే ఉండిపోయింది.

ఆదివారం ఎర్రగుంట్ల స్టేషన్లో రైలు ఎంతోసేపు ఆగలేదు. తల్లీకూతుళ్ళు నాలుగు రోజులుగా అవసరానికి మించి మాట్లాడుకోలేదు. మహిమ కిటికీ చువ్వల్లోంచి చేయి చాపింది. జ్ఞానమణి ఆ చేయి పట్టుకుంది, అంతే. రైలు కదిలింది. జ్ఞానమణి కిటికీ వెంట నాలుగడుగులు నడిచింది, తర్వాత పరుగెత్తింది.

"పెసల!" అని అరిచింది. "మా ఇంటిపేరు పెసల!"

ఆ చప్పుడులో కూతురికి వినబడిందో లేదో తెలియలేదు.

ఆ తర్వాత ఇల్లు పెద్దదైపోయింది. దావీదురాజు సిమెంటు లోడుతో వెళ్ళిపోయాడు. జ్ఞానమణి అలవాటుగా ముగ్గురికి బియ్యం కొలిచి, రెండు గుప్పిళ్ళు మళ్ళీ డబ్బాలో పోసింది. టీవీ పెట్టి, చూడకుండా కూర్చుంది. వాకిట్లో బండి ఆగిన చప్పుడైతే లేచి వెళ్ళి చూసింది. పక్కింటికి గ్యాస్ బండ వచ్చింది. మిరపకాయల మూట కొక్కేనికి అలాగే వేలాడుతోంది. తన తల్లి కూడా ఇలాగే తన వంతు బియ్యం వెనక్కి పోసుకుని ఉంటుందని మొదటిసారి తోచింది. ఆ తల్లి ఇప్పుడు లేదు.

మహిమ పనిలో చేరిన రోజు ఇక్కడ సాయంత్రం, అక్కడ పొద్దున. దావీదురాజు అప్పుడే లారీ దిగి ఇంటికొచ్చాడు. ఫోన్ మోగింది. తెరమీద తెల్లకోటులో మహిమ, వెనక నలుగురైదుగురు కొత్త మనుషులు.

"అమ్మా, అందరికీ నా పేరు చెప్పినా. మహిమ కాటం పెసల."

"వినబడిందా నీకు, రైల్లో?"

"బోగీ అంతా విన్నాదమ్మా."

జ్ఞానమణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అంతలో నెరిసిన జుట్టు ఆవిడ ఒకతె మహిమ భుజం మీదుగా తొంగి చూసి, చేయి ఊపి, నోరారా పిలిచింది.

"సెన్యోరా పెసల!"

"ఏమంటాందే ఆమె?"

"నిన్నే పిలుస్తాందమ్మా. సెన్యోరా అంటే అమ్మగారు, ఈడ పుట్టింటి పేరుతోనే పిలుస్తారు. పలుకు."

ఏళ్ళ తరబడి వద్దనుకున్న పేరు. ముక్కూమొహం తెలియని మనిషి, భూమికి ఆ చివరనుంచి, నవ్వుతూ పిలిచింది. వద్దనేవాళ్ళు ఎవరూ లేరు. జ్ఞానమణి చేయెత్తి ఊపింది. నీళ్ళు నిండి కళ్ళు కనబడలేదు.

ఫోన్ పెట్టేశాక భర్తవైపు తిరిగింది. "ఏమయ్యా, మా అన్న నంబరు ఎట్లనన్నా దొరుకుతాదా?"

దావీదురాజు తలవంచుకుని జేబులోంచి తన ఫోన్ తీశాడు. "నా దగ్గరే ఉండాది. ఆత్మకూరు దారిన లోడు పోయినప్పుడల్లా మీ అన్న యేసుప్రసాద్ టీ తాపిస్తాడు. నువ్వడిగేదాకా చెప్పొద్దన్నాడు."

తిట్టడానికి ఆమెకు ఓపిక లేదు. ఫోన్ లాక్కుని, ఆ నంబరు నొక్కి చెవికి ఆనించుకుంది.

"ఏం బావా, ఏ ఊర్లో ఉండావు?" అంది అవతలి గొంతు. అచ్చం నాయన గొంతే.

"బావ కాదు. నేను... పెసల జ్ఞానమణిని."

అవతల గట్టిగా ఊపిరి పీల్చిన శబ్దం.

"మణీ! యాడుండావు తల్లీ?"

"ఈడనే ఉండానన్నా," అంది వెక్కుతూ. "ఇన్నేండ్లూ ఈడనే ఉండా."