కలగూర పీపా

పీపా మీద కూర్చున్న సామ్రాజ్యం లేవనంది.

"సీలు వేసుకుంటారో, పీపాతో పాటు నన్నూ జీపులో ఎక్కించుకుపోతారో మీ ఇష్టం. ఒక్క చుక్క కూడా ఒంపనివ్వను," అంది.

బెజవాడ ఆటోనగర్‌లో సామ్రాజ్యం షెడ్డు ఎవరినడిగినా చూపిస్తారు. ఆ పీపాని కూడా. ఇంజనాయిల్ డబ్బా వాడాక అడుగున ఇంత మిగులుతుంది కదా, చుట్టుపక్కల మెకానిక్కులంతా అది తెచ్చి ఈ పీపాలోనే పోస్తారు. ఏ కంపెనీది, ఏ గ్రేడు అని ఎవరూ చూడరు. మినరల్, సింథటిక్, డీజిల్ బండిది, పెట్రోలు బండిది, అన్నీ అందులోకే. దారిలో నూనె తరిగిపోయి చమటలు కక్కుకుంటూ వచ్చిన ఆటోవాడికి అందులోంచి ఓ గ్లాసు పోసి పంపించేది సామ్రాజ్యం. ఊరికేనే.

ఆ ఉదయం నుంచి ఊళ్ళో అది నేరమైపోయింది. ట్యాక్సీలన్నింటికీ 'నాలుక' పెట్టించాలని అంతకు ముందే పైనుంచి ఆర్డరు వచ్చింది, ఆ ఉదయం నుంచే అమలు. నాలుక అంటే గోరంత సెన్సర్. ఇంజను అడుగున నూనె నిలిచే చోట అతికిస్తారు. ప్రతి కంపెనీ తన ఆయిల్‌లో కంటికి కనపడని ఆనవాలు ఒకటి కలుపుతుంది. నాలుక మొట్టమొదట తగిలిన నూనెని రుచి చూసి, అందులో ఉన్న ఆనవాళ్ళన్నీ గుర్తుపెట్టుకుంటుంది. తర్వాత ఒక్క ఆనవాలు పెరిగినా, తగ్గినా ఇంజను స్టార్టు కాదు.

దాన్ని కనిపెట్టిన డాక్టర్ శశిభూషణ్ షెడ్డు గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. దాన్ని చేయించుకున్న ఆయిల్ కంపెనీ ఆఫీసరు వంశీధర్ సీలు కాగితం పట్టుకుని ఆయన పక్కనే ఉన్నాడు. మధ్యాహ్నంలోగా పీపా ఖాళీ కాకపోతే షెడ్డుకి తాళం.

"డాక్టరు గారూ, మిమ్మల్నే అడుగుతున్నా. నూనెలు కలిపితే ఇంజను పేలిపోతుందా?" అంది సామ్రాజ్యం.

"పేలదమ్మా. కానీ ఒక్కో ఆయిల్‌లో ఒక్కో రకం మందులు కలుపుతారు. ఒకదాని పని ఇంకొకటి చెడగొట్టవచ్చు. వేడికి నూనె పలచబడిపోవచ్చు. ఇంజను తొందరగా అరుగుతుంది."

"అరగనివ్వండి. అసలు నూనే లేకపోతే?"

"పట్టేస్తుంది. ఇక పనికి రాదు."

"మరి నడిరోడ్డు మీద ఆగిపోయినవాణ్ణి ఏం చెయ్యమంటారు?"

శశిభూషణ్ నోరు తెరిచేలోపే వంశీధర్ అందుకున్నాడు. "మా డబ్బా కొనుక్కోమనండి."

సామ్రాజ్యానికి ఒళ్ళు మండింది. కాళ్ళు పైకి లాక్కుని పీపా మీద బాసింపట్టు వేసుకుంది.

బయట నాలుక బండ్ల ప్రారంభానికి జెండా ఊపే వేళయింది. నాలుకలు పెట్టిన ట్యాక్సీలు రోడ్డు పొడుగునా బారుతీరి ఉన్నాయి. సామ్రాజ్యం దగ్గర పనిచేసే యేసుపాదం మొదటి బండి తాళం తిప్పాడు. ఇంజను ఉలకలేదు. 'ఇది నా నూనె కాదు' అని తెర మీద అక్షరాలు వెలిగాయి. రెండో బండీ అంతే. ఆ వెనకదీ అంతే.

"సీలు విప్పి కొత్త నూనె పోశాం కదయ్యా," అన్నాడు వంశీధర్.

శశిభూషణ్ లాప్‌టాప్ తగిలించి చూశాడు. నాలుక గుర్తుపెట్టుకున్న చోట ఒక ఆనవాలు ఉండాల్సింది, ఊళ్ళో దొరికే కంపెనీలన్నిటివీ ఉన్నాయి. ఆయన మొహం పాలిపోయింది.

"యేసుపాదం, నాలుక అతికించాక మొదట ఏం పోశారు?"

"కడుగుడు నూనె సార్. ఇంజను విప్పాక ముందు పీపా నూనె పోసి, కాసేపు తిప్పి, ఒంపేస్తాం. తర్వాతే కొత్తది. అన్ని షెడ్లవాళ్ళూ ఇక్కడి నుంచే బకెట్లతో పట్టుకెళ్ళారు."

"కాగితంలో కొత్త నూనె పొయ్యమని రాశాం కదా."

"పోశాం కదా సార్. కడిగాకే."

వంశీధర్ గొంతు తగ్గించాడు. "చెరిపెయ్యండి డాక్టర్."

"ఎలా చెరపను? మెకానిక్కులు మోసం చేస్తారు, ఎవరూ చెరపలేకుండా చెయ్యమని మీరేగా పట్టుబట్టారు. నేను కూడా చెరపలేను. కొత్త నాలుకలు రావాలంటే నెలలు పడుతుంది. ఈలోగా ఈ బండ్లు కదలాలంటే ఒక్కటే దారి. ఒక్కో దాంట్లో ఆ పీపా నూనె ఓ గ్లాసు పొయ్యాలి."

అందరూ పీపా వైపు తిరిగారు. సామ్రాజ్యం కొంగు సర్దుకుని ఇంకాస్త కుదురుగా కూర్చుంది.

"అమ్మా, కాస్త లేస్తారా?" అన్నాడు వంశీధర్.

"ఇందాక ఒంపెయ్యమన్నారుగా. ముందు ఆ కాగితం చించండి. నా కళ్ళ ముందు."

చించాడు. అప్పుడు దిగింది. గ్లాసు తనే ముంచింది. సాయంత్రానికి ఊరు మళ్ళీ కదిలింది.

కథ ఇక్కడితో ఆగితే బాగుండేది. కంపెనీవాళ్ళకి పుట్టిన బుద్ధి ఎక్కడికి పోతుంది? కొన్నాళ్ళకి పీపా నూనెలో ఉన్న ఆనవాళ్ళన్నీ కలిపి మార్కెట్లోకి తళతళలాడే డబ్బా ఒకటి దింపారు. పేరు 'బెజవాడ మిక్స్'. వెనకాల ఎర్రటి అక్షరాలు: 'వేరే ఏ ఆయిల్‌తోనూ కలపరాదు.'

ఆ మర్నాడే వంశీధర్ కొత్త సీలు కాగితంతో షెడ్డుకొచ్చాడు.

"మళ్ళీ ఏమొచ్చింది?" అంది సామ్రాజ్యం.

"ఈ పీపాలో ఉన్నది మా కంపెనీ ఆయిల్‌కి నకిలీ అమ్మా. మధ్యాహ్నంలోగా ఖాళీ చెయ్యాలి."

సామ్రాజ్యం లోపలికెళ్ళింది. ఆ పూట వాడిన బెజవాడ మిక్స్ డబ్బాని తీసుకొచ్చి, అడుగున మిగిలింది ఆఖరి చుక్క దాకా పీపాలోకి ఒంపింది. మూత పెట్టి, పైకెక్కి కూర్చుంది.

అదే సమయానికి శశిభూషణ్ తన కారులో నూనె తరిగిపోయి ఓ గ్లాసు కోసం వచ్చాడు. ఆయన కంపెనీలో మానేసి నెల దాటింది. కాగితం చూశాడు, వంశీధర్‌ని చూశాడు, చేతిలో ఉన్న గ్లాసు కింద పెట్టాడు.

"కాస్త జరగండమ్మా," అని తనూ ఎక్కి కూర్చున్నాడు.